వెచ్చని గదిలోకి వచ్చిన మంచు

"చచ్చింది మనుషులు కాదుగా మేడమ్! మరి మీరెందుకొచ్చినట్టు?"

ల్యాబ్ తలుపుకు అడ్డంగా నిలబడి అడిగాడు తూటా. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. పోలీసు ఉద్యోగంలో ఉండగా అంటుకున్న ఈ పేరు, ఆ ఉద్యోగం వదిలి మందుల కంపెనీ తరఫున ఆరాలు తీసే పనిలో చేరాక కూడా ఊడిరాలేదు. మాట తూటాలా వస్తుంది. తీర్పు అంతకన్నా ముందే వస్తుంది.

"మనుషులు చావకూడదని వచ్చాను," అంది ఆమె, చెప్పులు విప్పి బల్ల కింద పెడుతూ.

ఆమెను అందరూ నిదానం అంటారు. ఎవరెంత తొందరపెట్టినా, చూసినదాన్ని ఇంకోసారి చూడందే నోరు విప్పదని వచ్చిన పేరు. మొదట్లో వెక్కిరింతగా అన్నారు. కొన్ని కేసులు గడిచాక గౌరవంగా అనడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం రెండిటికీ ఒకే రకంగా పలికేది.

"అయితే వినండి, మీకు శ్రమ తగ్గిస్తాను," అన్నాడు తూటా. "నిన్న మధ్యాహ్నం మూడో అంతస్తు వార్డులో ఎనిమిది మందికి కొత్త మందు మొదటి మోతాదు ఎక్కించారు. ఎనిమిది మందీ ఆరోగ్యవంతులు, తమంతట తాము ముందుకొచ్చినవాళ్లు. అదే మందును సాయంత్రం ఇక్కడ ట్రేలో పెంచుతున్న కాలేయం కణాల మీద పోశారు. పొద్దున్న చూస్తే మందు పోసిన సగం ట్రేలో కణాలన్నీ చచ్చి తేలుతున్నాయి. మందు పోయని సగంలో ఒక్కటీ చావలేదు. మందున్న చోట చావు, లేని చోట బతుకు. ఇందులో డిటెక్టివ్‌కి పనేముంది?"

"ఇంతకు ముందు పోసినప్పుడు?"

"చావలేదంటున్నారు. అనేది ఎవరు? వాళ్లే! నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. పరీక్ష ఆపేస్తారు. ఈ మందు తయారుచేసిన పెద్దావిడ ఇన్నాళ్లూ అబద్ధం చెప్పిందని నా రిపోర్టు ఆల్రెడీ టైపయింది. మీరు మీ తీరిక చూసుకుని వెతుక్కోండి."

అతను పక్కకు తప్పుకున్నాడు. నిదానం లోపలికి నడిచింది.

ఆమెను పిలిపించింది ఆ పెద్దావిడే. ల్యాబ్‌లో అందరికీ ఆమె పెద్దమ్మ. కణాలు పెంచే అమ్మాయి ఆమెకు స్వయానా చెల్లెలి కూతురు. ఆ పిల్ల నోట విని విని, మీసాలున్న మగవాళ్లు కూడా అలాగే పిలవడం అలవాటు చేసుకున్నారు. జుట్టంతా నెరిసింది. కళ్లజోడు తాడుకు కట్టి మెడలో వేలాడేసుకుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"నాకు అనుకూలంగా ఉండే నిజం అక్కర్లేదు," అంది నిదానం కూర్చోకముందే. "ఉన్న నిజం కావాలి. మందు తప్పయితే నా చేత్తో నేనే ఆపేస్తాను. ఒకసారి ఆపాను కూడా."

"ఎప్పుడు?"

"పన్నెండేళ్ల కిందట. ఇప్పటి డైరెక్టరూ నేనూ కలిసి చదువుకున్నాం, కలిసే ఒక మందు చేశాం. ఆలోచన ఆయనది, చాకిరీ ఇద్దరిదీ. వైరస్‌ని ఎక్కడికక్కడ నిలిపేసేది. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చూసి చేతులు కలిపి పోయారు. తీరా మనుషులకిచ్చాక కొందరికి కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం దెబ్బతింటోంది. ఆయన కొంచెం ఆగి చూద్దామన్నాడు. నేను ఆగలేదు. ఆ రోజే ఆపించాను. నా బతుకులో తలెత్తుకుని చెప్పుకునే పని ఏదైనా ఉంటే అదే."

"వైరస్‌ని చంపే మందు కాలేయం మీద ఎందుకు పడుతుంది?"

పెద్దమ్మ ముఖంలో చిన్న వెలుగు కనిపించింది. ఈ ప్రశ్న ఆమెకు ఇష్టమైనది.

"మామూలు క్రిమికి సొంత కాపురం ఉంటుందమ్మా. దాని పొయ్యి దానిది, దాని గిన్నెలు దానివి. అవి పగలగొడితే చాలు, మనకేం కాదు. వైరస్‌కి ఏమీ లేవు. మన కణంలోకి దూరి, మన వంటింట్లో, మన గిన్నెలతోనే తన సంతానాన్ని పెంచుకుంటుంది. దాని వంట ఆపాలంటే మన గిన్నెలే పగలగొట్టాలి. పగలగొడితే ఇంట్లోవాళ్లు పస్తు. ఇదే తంటా, మా వాళ్లందరికీ."

"మరి ఈ కొత్తది?"

"వచ్చేటప్పుడు వైరస్ ఒక్క సామాను మాత్రం సొంతంగా తెచ్చుకుంటుంది. కత్తెర. మేమలా పిలుచుకుంటాం. దానికి కావలసిన ముక్కలు అది కత్తిరించుకునే ఎంజైము. అలాంటి కత్తెర మన ఒంట్లో లేదు. అందుకని నేను విషాన్ని మూటగట్టాను. ఆ మూట తాడు ఆ ఒక్క కత్తెరకే తెగుతుంది. మంచి కణంలోకి మూట వెళ్లిందనుకో, తెగదు, వచ్చిన దారినే బయటికి పోతుంది. జబ్బు కణంలోకి వెళ్లిందా, ఆ కత్తెరే తాడు తెంపుతుంది. తన చావు తనే విప్పుకుంటుంది." పెద్దమ్మ తన రెండు చేతులూ చూసుకుంది. "ఆ ముడి వేయడానికి పన్నెండేళ్లు పట్టింది నాకు."

"నిన్న చచ్చినవి?"

"వైరస్ ముఖం చూడని కణాలు. తాడు తెగడానికి వీల్లేదు. తెగింది. అదే నాకు అంతు పట్టడం లేదు. పైన ఎనిమిది మంది ఒంట్లో ఇప్పుడు అదే మందు ఉంది. రాత్రికి వాళ్ల కళ్లు పచ్చబడితే నేనేం చెయ్యాలి?"

తాడు తెగడానికి వీల్లేదు, తెగింది. ఆ రెండు మాటలనూ మనసులో పక్కపక్కన పెట్టుకుని నిదానం లేచింది.

కణాలు పెంచే గది చిన్నది. తలుపు తీయగానే ఒంటికి వెచ్చగా తగిలింది. గోడవారగా మనిషి ఒంటి వేడిలో ఉంచే అలమరా, మధ్యలో అద్దాల గూడు, దాని పక్కన గోరువెచ్చటి నీళ్ల తొట్టి. చెల్లెలి కూతురు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆ ట్రేని బ్లీచింగులో ముంచి పారెయ్యమని డైరెక్టరుగారి ఆఫీసు నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది మేడమ్. చచ్చినవాటిని పారెయ్యడం రూలే. కానీ పెద్దమ్మ చూసేదాకా ఏదీ పారెయ్యకూడదని మా రూలు. ఫ్రిజ్‌లో దాచేశా."

"మంచి పని చేశావమ్మా. నిన్న ఏం చేశావో చేసి చూపించు. చెప్పొద్దు, చెయ్యి."

ఆ పిల్ల చేసి చూపించింది. కణాలకు పోసే ఎర్రటి ద్రవాన్ని వాళ్లు తిండి అంటారు. తిండి సీసాను ముందు నీళ్ల తొట్టిలో నిలబెట్టింది. వెచ్చబడ్డాక గూట్లోకి తీసుకుని, అక్కడే మూత తీసి, ట్రేలోని గుంటల్లోకి కొంచెం కొంచెంగా వదిలినట్టు చేతులు ఆడించింది.

"చల్లగా పోస్తే?"

"బిగుసుకుపోతాయి పాపం. ఈ గదిలోకి చల్లటి వస్తువేదీ రానివ్వను. మా ఆయన ఓసారి కూల్‌డ్రింకు సీసాతో తలుపు దాకా వచ్చాడు. మళ్లీ రాలేదు."

"నిన్న ఈ సీసా ఒంటరిగా ఎప్పుడుంది?"

"మధ్యాహ్నం. తొట్టిలో పెట్టేసి అందరం పైకెళ్లాం, మొదటి మోతాదు చూడ్డానికి. వార్డు అద్దం బయట పెద్దమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డా. ఇద్దరం ఏడ్చేశాం. గంట పైనే ఉన్నాం. ఈ గదికి తాళం వేసే అలవాటు లేదు."

నిదానం గూడు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. లోపలి స్టీలు పలకకు కళ్లు సమానంగా వచ్చేదాకా తల వంచింది. పై నుంచి చూస్తే పలక అద్దంలా మెరుస్తోంది. పక్క నుంచి చూస్తే మెరవని చోటొకటి ఉంది. తెల్లటి సన్నని గీత, గిన్నె అడుగు అచ్చులా గుండ్రంగా. ఒకచోట మాత్రం బొటనవేలు పట్టేంత తెగి ఉంది.

"ఇదెప్పటిది?"

"నిన్న సాయంత్రం చూశా. స్పిరిట్‌తో తుడిచినా పోలేదు. మందు పొయ్యాలన్న కంగారులో వదిలేశా."

నిదానం గోటితో గీరింది. పొడిలా రాలింది. ఇంట్లో టీ నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టేలాంటి సున్నపు పొర.

"ఈ గూట్లోకి కుళాయి నీళ్లు వస్తాయా?"

"అమ్మో, చుక్క కూడా! మా నీళ్లన్నీ శుద్ధి చేసినవే."

"కత్తెరను మీరు బయటికి తీస్తే దేంట్లో పెడతారు?"

"చల్ల దిమ్మెలో. పక్క గదిలో ఉంటుంది, నీలంది. రాత్రంతా ఫ్రీజర్లో ఉంచితే చాలు, తడి ఉండదు. పాతకాలంలో మంచుగడ్డల్లో గుచ్చేవాళ్లట. మంచు మిషను పాడైపోయి ఏళ్లయింది, ఎవరూ బాగుచేయించలేదు. అయినా ఇప్పటి కత్తెర గట్టిది, పూటంతా బల్ల మీదున్నా పాడవదు." ఆ పిల్ల మాట ఆపింది. "కత్తెర గురించి ఎందుకడిగారు? ఈ గదికీ దానికీ సంబంధమే లేదు. అది పక్క గదిలో ఫ్రీజర్లో ఉంటుంది."

"తాడు తెగిందంటే కత్తెర వచ్చి ఉండాలి కదా! అంతకంటే నాకు మీ శాస్త్రం తెలీదు. అది ఉందో లేదో చూసే దారి ఉందా?"

ఆ పిల్ల నోరు తెరుచుకుని నిలబడిపోయింది. వైరస్ లేని ట్రేలో వైరస్ కత్తెర కోసం వెతకాలని ఈ ల్యాబ్‌లో ఎవరికీ తోచదు. ఉప్పు డబ్బాలో చేపల కోసం వెతికినట్టు ఉంటుంది. మరుక్షణం పక్క గదిలోకి పరుగెత్తింది.

మెరుపు నీళ్లు అని వాళ్లొక ద్రవం పెట్టుకున్నారు. కత్తెర పదునుగా ఉందో లేదో చూసుకోవడానికి వాడతారు. కత్తెర తగిలితే ప్రత్యేకమైన దీపం కింద నీలంగా వెలుగుతుంది, తగలకపోతే చీకటిగా ఉండిపోతుంది. గది దీపాలు ఆర్పారు. పెద్దమ్మ వచ్చింది. తూటా కూడా వచ్చి చేతులు కట్టుకుని గోడకానుకున్నాడు.

మందు పోసిన సగంలోంచి ఒక చుక్క తీసి మెరుపు నీళ్ల గొట్టంలో వేసింది ఆ పిల్ల. కాసేపటికి గొట్టం అడుగున నీలం మెరిసింది. మెల్లగా పైకంతా పాకింది.

"దేవుడా," అంది పెద్దమ్మ.

"మందు పోయని సగంలోంచి కూడా తీయమ్మా," అంది నిదానం.

అదీ వెలిగింది.

"అంటే ట్రేలో పోసింది కాదు. తిండి సీసాలోనే కలిపారు," అంది నిదానం. "అందుకే రెండు వైపులకీ వచ్చింది. పెద్దమ్మగారూ, ఈ వైపు కత్తెర ఉంది, మందు లేదు. కణాలు బతికే ఉన్నాయి. ఆ వైపు కత్తెరా ఉంది, మందూ ఉంది. చచ్చాయి. ఇన్నాళ్లూ మందుంది, కత్తెర లేదు. ఒక్కటీ చావలేదు."

చీకట్లో పెద్దమ్మ నవ్వు వినిపించింది. ఏడుపు కలిసిన నవ్వు.

"నా ముడి తెగలేదే పిల్లా! తెంపారు! కత్తెర ఉన్న చోటే తెగింది, లేని చోట తెగలేదు. నన్ను దొంగని చెయ్యాలని వచ్చినవాడు నా మందుకి సాక్ష్యం చెప్పి పోయాడు!"

"ఒక్క నిమిషం," అన్నాడు తూటా, దీపాలు వేసి. "చాలా బాగుంది. కానీ కత్తెర చేసేది ఎవరు? మీరే. ఫ్రీజరు ఎవరిది? మీదే. మందు తప్పని తెలిసింది, ఎవరో కుట్ర చేశారని చెప్పుకోడానికి మీరే పోసుకున్నారు. నేనయితే అలాగే రాస్తాను."

"అలా చెప్పుకోడానికి పోసుకున్నవాళ్లు పొద్దున్నే చెప్పుకుంటారు," అంది నిదానం. "నేనొచ్చి అడిగేదాకా ఎందుకాగుతారు? మీ రిపోర్టు టైపయ్యేదాకా ఎందుకాగుతారు?"

తూటా చెవులు ఎర్రబడ్డాయి.

"ఇరవై ఏళ్లు పోలీసు పని చేసినవాణ్ణి నేను. గిన్నె అచ్చులు చూసి జైల్లో వెయ్యలేదు ఎవర్నీ."

"వెయ్యొద్దు. నాతో రండి చాలు. ఎవరో ఒకరు పక్కనుండి చూడాలి, లేకపోతే ఇదీ నేనే కల్పించానంటారు."

చెల్లెలి కూతురు ఫ్రీజరు ముందు నుంచి కేక వేసింది. "పెద్దమ్మా! కత్తెర సీసా ఖాళీ! మొన్నే అంచుదాకా నింపి పెట్టాను!"

"అంతా పోసేశాడా? ఆ ఒక్క తిండి సీసాలో?" అంది పెద్దమ్మ. నిదానం ఆ మాట విని ఒక్క క్షణం ఆగింది. తర్వాత మూడో అంతస్తుకు దారితీసింది.

వార్డులో అద్దానికి అటువైపు ఎనిమిది మంచాలు. మొదటి మంచం మీదాయన రిటైరైన బస్సు డ్రైవరు. అద్దం పక్కన ఫోను ఎత్తి తనే పలకరించాడు.

"నన్ను చూడ్డానికేనా అమ్మా? గుర్రంలా ఉన్నా! ముప్పై ఏళ్లు బస్సు నడిపా, ఒక్కణ్ణి కింద పడేశా అని ఎవరైనా అంటే ఆ ఉద్యోగమే నాది కాదు. ఈ మందునీ అలాగే జాగ్రత్తగా మోసి దింపేస్తా. మా మనవరాలు బళ్లో అందరికీ చెప్పుకుందట, మా తాతే ఫస్టు అని."

"నిన్న మందెక్కించేటప్పుడు ఎవరెవరొచ్చారు బాబాయ్?"

"అందరూ! అద్దం దగ్గర తిరునాళ్లే అనుకో. చివర్లో డైరెక్టరుగారొచ్చారు. లోపలికే వచ్చి చెయ్యి కలిపారు. పెద్దాయన, పాపం, నాకంటే ఆయనే భయపడుతున్నారు. చెయ్యి మంచుముద్దలా ఉంది! నేనే ధైర్యం చెప్పి పంపించా."

నిదానం తూటా వైపు చూడలేదు. చూడనక్కర్లేదని ఆమెకు తెలుసు.

డైరెక్టరు గది అన్నిటికన్నా పై అంతస్తులో ఉంది. పక్క గదిలో కమిటీ వాళ్లు అప్పుడే చేరుతున్నట్టు కుర్చీల చప్పుడు వినిపిస్తోంది. ఆయనది పెద్దమ్మ వయసే, వెన్ను ఇంకా వంగలేదు. నిదానాన్నీ తూటానూ వాళ్ల వెంట వచ్చిన పెద్దమ్మనూ కూర్చోబెట్టి, మూలనున్న చిన్న ఫ్రిజ్ తెరిచి, మంచుగడ్డలు నింపిన స్టీలు పాత్ర తెచ్చి గాజుబల్ల మీద పెట్టాడు. పళ్లరసం గ్లాసుల్లో తనే పటకారుతో రెండేసి ముక్కలు వేశాడు.

పాత్ర మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. మొదటి మందు వచ్చిన సంవత్సరం, దాని కింద ఇద్దరి పేర్లు.

"అందమైన పాత్ర సార్," అంది నిదానం.

"అది కానుక. మేమిద్దరం తెచ్చిన మందు మొదటి రోగిని నిలబెట్టిన రోజున నా శిష్యులిచ్చారు. నేను చదువు చెప్పే రోజుల్లో పిల్లలతో ఒకటే అనేవాణ్ణి, మంచు లేకుండా ఎంజైమును ముట్టుకునేవాడు నా శిష్యుడు కాడని. అందుకే ఇది ఎంచుకుని ఇచ్చారు."

"ఇంకో ముక్క వేసుకోవచ్చా?"

ఆమె పాత్రను తన వైపు లాక్కుంది. అది కదిలిన చోట గాజు మీద తడి వలయం మిగిలింది. సొట్టపడిన అడుగు బల్లకు ఆనని చోట, బొటనవేలు పట్టేంత మేర, వలయం తెగి ఉంది.

తూటా గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ట్రేలో కత్తెర దొరికింది సార్," అంది నిదానం మామూలుగా. "ఎవరో తిండి సీసాలో కలిపారు. కానీ కలిపినవాడికి పని చేతకాదు. మొరటు చెయ్యి. వేడి తగలనిచ్చి కత్తెరను సగం చంపేసి పోశాడు. ఏదో కొన ఊపిరితో నాలుగు తాళ్లు తెంపింది. నేర్పినవాళ్లు ఎవరో గానీ..."

పెద్దమ్మ ఆశ్చర్యంగా ఏదో అనబోయింది. బల్ల కింద నిదానం ఆమె పాదం తొక్కింది.

డైరెక్టరు ముఖం మెల్లగా కందింది. పటకారు బల్ల మీద పెట్టాడు. మళ్లీ తీశాడు.

"మొరటు చెయ్యా?" అన్నాడు. "సగం చావడమేమిటి? చావడానికి వీల్లేదు. తీసిన దగ్గర్నుంచి కలిపేదాకా అది మంచులోనే..."

పాత్రలో ఒక మంచుగడ్డ కరిగి పక్కకు జారింది. ఆ చిన్న చప్పుడు అందరికీ వినిపించింది.

"కత్తెర నిక్షేపంలా ఉంది సార్," అంది నిదానం. "నీలంగా వెలిగింది. చాలా శుభ్రమైన పని. సీసా మూత కూడా గూట్లోనే తీశారు, దుమ్ము పడకుండా. చెడగొట్టడానికి వచ్చినవాడికి అంత శ్రద్ధ దేనికి? అలవాటు. ఇప్పటి పిల్లలు మంచు వాడరు. ఈ భవనంలో మంచుగడ్డలుండేది ఈ ఒక్క ఫ్రిజ్‌లోనే, అవీ కుళాయి నీళ్లవి. అవి కరిగి పొర్లిన తడే గూట్లో పాత్ర అడుగు అచ్చుగా, సున్నపు గీతగా ఆరిపోయింది."

పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. "నువ్వా?"

"నేనే," అన్నాడాయన. తల దించలేదు. "మన మందును ఒక్క పూటలో చంపేశావు. నన్నడగలేదు. పన్నెండేళ్లుగా ఈ గదిలో కూర్చుని నీ మందు పెరగడం చూస్తున్నాను. ఒక్కసారి నువ్వూ చూడాలనిపించింది, చేతుల్లో పెరిగింది చస్తే ఎలా ఉంటుందో."

"కింద వార్డులో ఎనిమిది మంది ఉన్నారు!"

"వాళ్లకేమవుతుంది? ట్రే చూసి పరీక్ష ఆపేస్తారు, క్షేమంగా ఇంటికి పోతారు. మనుషుల జోలికి వెళ్లే నీచుణ్ణి కాదు నేను."

"కళ్లు పచ్చబడ్డ ఆ కొందరి జోలికి మనమిద్దరం వెళ్లాం," అంది పెద్దమ్మ. "నేను ఆపాను కాబట్టే వాళ్లు బతికారు. ఆ పాత్ర మీద నా పేరూ ఉంది. ఆ మందును చేసినందుకు కాదు, ఆపినందుకు గర్వపడుతున్నాను. నువ్వూ గర్వపడి ఉండాల్సింది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

తూటా లేచాడు. జేబులోంచి మడతపెట్టిన రిపోర్టు తీసి నాలుగు ముక్కలు చేశాడు. బల్ల మీది పాత్రను మంచుతో సహా రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"రండి పెద్దమ్మా," అన్నాడు. ఆ పిలుపు తన నోట వచ్చిందని అతనికే తెలియలేదు. "కమిటీకి నేనే చెప్తాను. తప్పు తీర్పు రాసింది నేను, దిద్దుకునేదీ నేనే."

పక్క గదిలోంచి ముందు తూటా గొంతు వినిపించింది, తర్వాత పెద్దమ్మది, తర్వాత చాలాసేపు ప్రశ్నలు. చివరికి చప్పట్లు. పెద్దమ్మ తిరిగి వచ్చేసరికి మనిషి ఒక జానెడు పొడుగైనట్టు కనిపించింది. డైరెక్టరు బల్ల మీది ఫోనే ఎత్తింది.

"వార్డేనా? పెద్దమ్మను. కమిటీ ఒప్పుకుంది. రెండో మోతాదు మొదలుపెట్టండి. అవును, అందరికీ. డ్రైవరు బాబాయ్‌తో మొదలుపెట్టండి, లేకపోతే అలుగుతాడు." అటువైపు ఏదో విని నవ్వింది. "సెలైన్లు మధ్యాహ్నమే కలిపి పెట్టేశారా? నా మీద అంత నమ్మకమా? సంతోషమమ్మా."

నిదానం ఇంకా లేవలేదు. అందరూ లేచాక కూడా కూర్చుని ఉండటం ఆమెకు మామూలే. ఫ్రీజరు ముందు పెద్దమ్మ అన్న మాట ఆమెను ఇందాకటి నుంచి వదలడం లేదు.

"ఒక్కటి చెప్పండి సార్. ఒక తిండి సీసాకి అంత కత్తెర ఎందుకు? కొంచెం చాలదా?"

"కొంచెమే పోశాను," అన్నాడు డైరెక్టరు, కిటికీలోంచి చూస్తూనే. "సీసాలో ఉన్నదే కొంచెం. అడుగున నాలుగు చుక్కలు. నేను వెళ్లేసరికే ఎవరో దాదాపు ఖాళీ చేసి పెట్టారు. ఇప్పటి పిల్లలకి పొదుపు లేదని తిట్టుకున్నాను కూడా."

"మొన్నే అంచుదాకా నింపారు."

ఆయన ఆమె వైపు తిరిగాడు. ముఖంలో మొదటిసారి రంగు పోయింది. చేసిన పనికి తల దించని మనిషి ఇప్పుడు బల్ల అంచు పట్టుకున్నాడు.

"నేను తీసుకోలేదు," అన్నాడు. "ఒట్టు. అంత కత్తెర ఎవరికైనా ఎందుకు? ట్రేలకి అంత అక్కర్లేదు. అంత కావాల్సింది..."

"మనిషి ఒంటికి," అంది నిదానం. "మధ్యాహ్నమే కలిపి పెట్టిన ఆ సెలైన్లు..."

పెద్దమ్మ చేతిలో ఫోను ఇంకా ఉంది. మళ్లీ వార్డుకు కలిపింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. అందరూ మంచాల దగ్గర ఉంటారు, గర్వంగా, రెండో మోతాదు ఎక్కిస్తూ.

నిదానం పరుగెత్తింది. ఆమెను ఏళ్ల తరబడి ఎరిగిన తూటా ఆ దృశ్యం చూసి ఒక్క క్షణం కొయ్యబారిపోయాడు. తర్వాత మంచు పాత్రను అక్కడే వదిలేసి ఆమె వెనకే దూకాడు. మెట్ల మీద ఆమెను అందుకోవడం అతనివల్ల కాలేదు.

వార్డు అద్దం అవతల డ్రైవరు బాబాయ్ చెయ్యి చాపి పడుకుని ఉన్నాడు. నిదానాన్ని చూసి నవ్వి, రెండో చెయ్యి ఊపాడు. ఆమె రెండు అరచేతులతో అద్దాన్ని బాదింది. మంచం పక్కన నర్సు తల తిప్పింది.

సెలైన్ సీసా మెడ దగ్గర మొదటి చుక్క అప్పుడే నిండి, జారడానికి సిద్ధంగా వేలాడుతోంది.